మూతలు తీసే రోజు

మా నాన్నని ఆస్పత్రిలో అందరూ ముక్కు మేస్త్రి అనేవారు. ఎదురుగా ఉంటే మేస్త్రిగారూ, అటు తిరిగితే ముక్కు మేస్త్రి. ఆ సంగతి ఆయనకి తెలుసు, తెలిసీ లోపల్లోపల మురిసిపోయేవాడు. ముప్పై ఏళ్లలో ఆ ఆస్పత్రి వంటగదిలో ఆయన గరిటె నాలిక్కి తగిలించి ఉప్పు చూసిన రోజు లేదు. మూత ఓ వేలెడు పక్కకి జరిపి, ఆవిరి మీదకి వంగి కళ్లు మూసుకునేవాడు. ఉప్పు చాల్లేదంటే చాలనట్టే. ఇక మిగిలిపోయిన వాటి విషయంలో ఆయన నోటి నుంచి రెండే మాటలు వచ్చేవి. ఉంచు, పారెయ్. తినేది రోగులు కాబట్టి ఆ రెండు మాటలకీ ఎదురుండేది కాదు.

ఇంట్లోనూ అదే చట్టం. వండేవాడి కంటే ముందు ఇంట్లోవాళ్లు గిన్నె వాసన చూస్తే వాణ్ణి నమ్మనట్టే అని మా నాయనమ్మ తీర్మానించింది. నాన్నకి వంట నేర్పింది ఆవిడే కాబట్టి ఆ మాట అలా ఉండిపోయింది. పాలు బాగున్నాయో లేదో తెలుసుకోవాలన్నా నాన్న వచ్చేదాకా ఆగేవాళ్లం. "ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే ముక్కు, మిగతావన్నీ జలుబు చెయ్యడానికి" అని అమ్మ వేళాకోళం చేసేది.

నేను చెప్పేది నాకు ఇరవై రెండేళ్లప్పటి చలికాలం సెలవుల గురించి. అప్పటికి అదే ఆస్పత్రిలో చీటీలు రాసే కిటికీ దగ్గర కూర్చుంటున్నాను.

ఆ సెలవుల్లో రెండుసార్లు మా ఇంట్లో పెద్ద భోజనం ఉండేది. మొదటి ఆదివారం అత్తలూ బాబాయిలూ పిల్లలూ వచ్చేవారు. ఏడాది చివరి రోజున మేం నలుగురం, పక్క వాటా వాళ్లు. ఆ రెండు రోజులూ వంట అమ్మదే. నాన్న కాళ్లు చాపుకుని కూర్చుని, ఎంత ఎక్కువ వండితే అంత మంచిదని అమ్మని రెచ్చగొట్టేవాడు. ఆయన కన్నంతా మిగిలేవాటి మీదే. "తాజావి ఎవడైనా వండుతాడు. నిన్నటిదాన్ని ఇవాళ తినిపించమను చూద్దాం" అనేవాడు.

మర్నాడు పొద్దున్నే మిగిలిన గిన్నెలన్నీ బల్ల మీద వరసగా పెట్టించేవాడు. అది మా ఇంట్లో మూతలు తీసే రోజు. ఒక్కో మూతా తీసి ఉంచేవి ఉంచి, పారేసేవి పారేసి, చేతులు కడుక్కుని మొదలుపెట్టేవాడు. ఆయన లెక్క ప్రకారం మిగిలిన వంటకి మొదటిరోజు రూపం మారాలి, రెండోరోజు పేరు మారాలి, మూడోరోజు కన్నతల్లి కూడా గుర్తుపట్టకూడదు. ఉడికించిన దుంపలు చిదిమి ఉండలై ఎండు రొట్టె పొడిలో పొర్లేవి. అన్నం గుడ్డు సొనతో కలిసి పెనం మీద అట్టయ్యేది. కోడి ఎముకలు గంటలకొద్దీ ఉడికి సూపయ్యేవి, ఆ సూపులో నిన్నటి గుమ్మడికాయ కరిగిపోయేది. ఎవరూ ముట్టని కేకు ముక్కలు పాలలో నాని, పళ్ల తొక్కల పాకంతో కలిసి గిన్నె అడుగు గీకి తినే పదార్థమయ్యేవి.

వడ్డించాక నాయనమ్మ కళ్లు మూసుకోవాలి. ఇది నిన్న ఏమిటో చెప్పాలి. మూడోరోజు తప్ప ఆవిడ ఎప్పుడూ ఓడిపోలేదు. మూడోరోజు కావాలనే ఓడిపోయేదని నా అనుమానం.

ఆ ఏడు సెలవులకి నెల ముందు నాన్నకి గట్టి జలుబు చేసింది. పది రోజులు మంచం దిగలేదు. లేచాక మనిషి మామూలుగానే ఉన్నాడు, కాస్త మాట తగ్గింది, అంతే. నీరసమనుకున్నాం.

ఆదివారం భోజనం అయింది, సోమవారం మూతలు తీసే రోజు వచ్చింది. నాన్న మొదటి మూత తీశాడు, వంగాడు, కళ్లు మూసుకున్నాడు. ఎప్పటికంటే చాలాసేపు అలాగే ఉన్నాడు.

"ఉంచు" అన్నాడు.

రెండోదీ ఉంచు. మూడోదీ ఉంచు. తొమ్మిది గిన్నెలకీ ఉంచే. ఏటా కనీసం రెండైనా చెత్తబుట్టకి పోయేవి.

"ఈ ఏడు మీ ముక్కుకి దయ ఎక్కువైందే" అంది అమ్మ. నాన్న నవ్వలేదు.

కాసేపటికి నేను మంచినీళ్ల కోసం వంటగదిలోకి వెళ్లాను. నాన్న అటు తిరిగి దుంపలు చిదుముతున్నాడు. ఆయన వెనకాల పెనం మీద రొట్టె పొడి గోధుమరంగు దాటి నల్లబడుతోంది. గదంతా మాడు వాసన. ముందుగదిలోంచి అమ్మ దగ్గుతోంది. ఆయన ఏదో కూనిరాగం తీస్తూ దుంపలు చిదుముతూనే ఉన్నాడు.

"నాన్నా, మాడిపోతోంది."

గిరుక్కున తిరిగి పొయ్యి ఆపేశాడు. "తెలుసు. కాస్త రంగు రావాలని" అన్నాడు. నేను పెనంలోకి చూశాను, ఆయనా చూశాడు. అది రంగు కాదు, బొగ్గు. వంటగది తలుపు దగ్గరికి వేసి పీట మీద కూర్చున్నాడు.

"ఎన్నాళ్లయింది?" అన్నాను.

"జలుబు తగ్గినప్పట్నించీ. నిమ్మకాయ చీరి ముక్కు కింద పెట్టుకున్నా ఏం లేదు. కిరసనాయిలు కూడా చూశాను. నీళ్లలా ఉంది."

"డాక్టర్‌కి చూపిద్దాం."

"ఏ డాక్టర్‌కే? ఈ ఊళ్లో డాక్టర్లందరూ నా చేతి కూడు తిన్నవాళ్లే. పొద్దున చెప్తే మధ్యాహ్నానికి వంటగదిలో తెలిసిపోతుంది. ముక్కు పోయిన మేస్త్రిని ఎవడు పెట్టుకుంటాడు? సెలవులు అవనీ. ఈలోపు అదే వస్తుంది. అమ్మకి, నాయనమ్మకి చెప్పకు తల్లీ."

నా జీవితంలో నాన్న నన్ను ఏదీ అడగలేదు. అడగడం కూడా ఆయనకి సరిగ్గా చేతకాలేదు, చేతిలో గరిటె అటూ ఇటూ తిప్పుతూ పొయ్యికి చెప్పినట్టు చెప్పాడు. చెప్పనన్నాను.

ఆ రోజు నుంచి ఆయన ముక్కు నేనే. ఇంట్లో నేను ముందు మూత తీస్తాను. బాగుంటే మూత చేతిలోనే పట్టుకుంటాను, పారెయ్యాల్సినదైతే బల్ల మీద పెడతాను. ఆయన వంగి, కళ్లు మూసుకుని, తీరిగ్గా వాసన చూసినట్టు చూసి నా చేతుల వంక ఓరగా చూసి తీర్పు చెప్తాడు. ఆస్పత్రిలో ఎనిమిదికి నా కిటికీ తెరుస్తారు. ఏడింటికే కింద వంటగదికి దిగి, నాన్నకి టీ ఇచ్చే నెపంతో ముందురోజు మిగిలిన గిన్నెల చుట్టూ తిరిగేదాన్ని.

బయటి నుంచి చూస్తే నవ్వొచ్చే వ్యవహారమే. నాకు మాత్రం ప్రాణం అరచేతిలో ఉండేది. పుట్టి బుద్ధెరిగి వాసనతో పని లేకుండా పెరిగినదాన్ని. పులుపు ఎక్కడిదాకా రుచో, ఎక్కడినుంచి పాడో నాకేం తెలుసు? భయంతో ఒకరోజు బంగారంలాంటి పెరుగు మీద మూత బల్ల మీద పెట్టేశాను. నాన్న మారు మాట్లాడకుండా పారబోయించాడు. అమ్మ ముక్కున వేలేసుకుంది. "ఎందుకండీ, నిక్షేపంలా ఉంటేను" అంది. "నీకు తెలీదు" అన్నాడు నాన్న. ఆయనకీ తెలీదు. తెలీకుండానే నన్ను వెనకేసుకొచ్చాడు. ఆ మధ్యాహ్నం చీటీల మీద పేర్లన్నీ తప్పులు రాశాను.

పైన వార్డుల్లో పడుకున్నవాళ్లని చూస్తే ఇంకా బెంగగా ఉండేది. నేను చీటీ రాసిచ్చిన ముసలివాళ్లే ఆ గిన్నెల్లోది తినేది. చెప్పేస్తే నాన్న బతుకు పోతుంది. చెప్పకపోతే ఎవరి ప్రాణం మీదకి వస్తుందో తెలీదు. చెప్పడానికి రెండుసార్లు, రోగుల తిండి వ్యవహారం చూసే డైటీషియన్ మేడమ్ గదిదాకా వెళ్లాను. రెండుసార్లూ గుమ్మంలో నిలబడి టైమెంతయిందని అడిగి వచ్చేశాను.

ఏడాది చివరి రోజు పొద్దున నేను కిందకి దిగేసరికి రెండో మేస్త్రి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నాన్న తర్వాత వంటగదిలో అతనిదే చెయ్యి. పొట్టిగా, గుండ్రంగా ఉంటాడు, మాట్లాడితే గోడకి చెప్తున్నట్టుంటాడు.

"అమ్మాయ్, నువ్వు రోజూ ఇలా టీ మోసుకు రానక్కర్లేదు" అన్నాడు.

"నాన్నకి అలవాటండీ."

"అలవాటు నాకూ ఉంది. నెల నుంచీ మేస్త్రి ఉంచమన్నవన్నీ ఉంచమన్నట్టే పక్కన పెడుతున్నా. ఆయన అటెళ్లగానే నేను చూసి, బాగాలేనివి వెనక గుమ్మంలోంచి పారబోస్తున్నా. పద్దెనిమిదేళ్లుగా ఆయన పక్కన నిలబడ్డా, ఆ మాత్రం పట్టుబడదా? రోగుల తిండి నేను చూసుకుంటా. నువ్వు నీ కిటికీ చూసుకో."

అతను అప్పటికే అటు తిరిగి ఎవరినో గరిటెల గురించి కసురుతున్నాడు.

ఆ రోజు నేను వారం తర్వాత కడుపునిండా తిన్నాను. పెద్ద భోజనం బాగా జరిగింది, కోడిమాంసం మిగిలింది, అన్నం మిగిలింది, పాలు పోసి ఉడికించిన గుమ్మడికాయ సగం గిన్నె మిగిలింది. మర్నాడు మూతలు నేనే తీశాను. నాన్న ఎముకలతో సూపు పెట్టి, గుమ్మడికాయ అందులో కలిపాడు. నాయనమ్మ కళ్లు మూసుకుని, మొదటి చెంచాకే "గుమ్మడికాయని కోళ్లగూట్లో దాచావురా" అంది. అందరం నవ్వాం. నాన్న కూడా నవ్వాడు, నెల తర్వాత.

ఆ మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయి పొద్దుగూకే వేళకి వచ్చింది. ఫ్రిజ్‌లో ఓ గిన్నెడు సూపు ఉందన్న సంగతి నాకు తట్టనైనా తట్టలేదు. ఆస్పత్రిలో రెండో మేస్త్రి ఉన్నాడని గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నాను. ఇంట్లో వాసన చూసేందుకు నేను తప్ప ఎవరూ లేరన్నది మర్చిపోయాను.

మూడోరోజు నాన్నకి సెలవు. అమ్మ కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్లింది. నేను కిటికీ దగ్గర ఉన్నాను, సెలవులు అయిపోవస్తున్నాయి కదా, చీటీల వరస గేటుదాకా ఉంది. ఒంటిగంటకి అమ్మ ఫోన్ చేసింది.

"నాయనమ్మకి వాంతులు, ఆగట్లేదు. నాన్న బండిలో ఎక్కించుకుని వస్తున్నాడు. నువ్వు గేటు దగ్గర ఉండు."

నాన్న ఆవిణ్ణి రెండు చేతుల మీదా మోసుకొచ్చాడు. ఆయన చొక్కా మీద రొట్టె పొడి అంటుకుని ఉంది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక ఏం చెయ్యాలో తెలీక ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని పక్కన నడిచాడు.

నేను నా చేత్తోనే మా నాయనమ్మ చీటీ రాశాను. వయసు ఎనభై ఒకటి. బాధ అన్న చోట ఏం రాయాలో తెలీక పెన్ను అక్కడే ఆగిపోయింది.

సెలైన్ పెట్టాక ఆవిడకి కాస్త తెలివొచ్చింది. కడుపులో బాధతో ఎవరొచ్చినా తిండి సంగతి డైటీషియన్ మేడమ్ వచ్చి అడుగుతుంది, అది అక్కడి పద్ధతి. కాగితం పట్టుకుని మంచం పక్కన నిలబడింది.

"ఏం తిన్నారమ్మా పొద్దున్నించి?"

"ఏం తినలేదమ్మా. రెండు గుక్కల టీ" అంది నాయనమ్మ. గొంతు పీలగా ఉన్నా తడబాటు లేదు.

"నిన్న రాత్రి?"

"ఆకలి లేదని పడుకున్నా. వయసు కదమ్మా, అరగదు."

మేడమ్ రాసుకుంటోంది. రెండో మేస్త్రి కింద నుంచి పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆయాసపడుతున్నాడు. నాన్న వంక చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నేనూ నాన్న వంకే చూశాను. ఏమని చూశానో నాకే తెలీదు. చెప్పమనా, వద్దనా?

నాన్న చెప్పులు కింద పెట్టాడు.

"ఆవిడ తింది మేడమ్. మూడోరోజు సూపుని చిక్కగా ఉడికించి, అన్నంలో కలిపి, అట్టు వేసి పెట్టాను. నిన్న కరెంటు పోయింది. అది పాడైందేమో. నాకు వాసన తెలీదు. నెల పైనయింది."

"నెల పైనా?" అంది మేడమ్.

"అవునండి."

ఆవిడ కాగితం మీద రాయడం ఆపి నాన్న వంక చూసింది. మంచి మనిషే. మేస్త్రిగారూ అని తప్ప ఎప్పుడూ పిలవలేదు. "సెలవులయ్యాక ఒకసారి నా గదికి రండి. అప్పటిదాకా వంటగదిలోకి వెళ్లకండి" అంది మెల్లగా. నాన్న సరేనన్నాడు. వెళ్లి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. రెండో మేస్త్రి వెళ్లి పక్కన కూర్చున్నాడు.

నేను నాయనమ్మ చెవి దగ్గరికి వంగాను. "నీకు తెలిసిందా, పాడైందని?"

"వాడు సూపు గిన్నె మూత తీసినప్పుడే తెలిసింది."

"మరెందుకు తిన్నావే?"

"వాడు ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు, నా మొహంలోకి. ఇది నిన్న ఏమిటో చెప్పమ్మా అంటున్నాడు. ఏం చెయ్యమంటావు?" అంది. "బాగుందన్నా. ఇంకోటి వేశాడు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆవిడ సెలైన్ లేని చేత్తో నా జుట్టు సర్దింది.

నాన్నని సరుకుల గదిలో వేస్తారని ఆ మర్నాటికే తెలిసిపోయింది. బియ్యం బస్తాలు, ఉల్లిపాయలు, తాళాలు. మేస్త్రిగారి బల్ల దగ్గర ఇక రెండో మేస్త్రి నిలబడతాడు. డాక్టర్ ముక్కు చూసి, వస్తే రావచ్చు, రాకపోతే లేదన్నాడు. అది మాకూ తెలుసు.

మూడోనాటి పొద్దున నాయనమ్మకి పల్చటి సూపు ఇవ్వొచ్చన్నారు. రెండో మేస్త్రి తనే గిన్నె పట్టుకుని పైకి వచ్చాడు. మంచం పక్కన నాన్న కూర్చున్నాడు, అటు పక్క నేనున్నాను. గిన్నె నాన్న చేతికే ఇచ్చాడు, మూత తియ్యకుండా. నాన్న మూత మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. ముప్పై ఏళ్ల అలవాటుకి వంగబోయి, మళ్లీ వెనక్కి నిటారుగా కూర్చున్నాడు. నేను చెయ్యి చాపాను. నాకంటే ముందు నాయనమ్మ చాపింది.

"ఇలా తేరా."

మూత తీసింది. కళ్లు మూసుకుంది. అలవాటైన మొహమే, ఆట మొదలయ్యే ముందు ఉండే మొహమే.

"చెప్పమ్మా" అన్నాడు నాన్న. "ఎలా ఉంది?"

ఆవిడ ఇంకోసారి గట్టిగా పీల్చింది. కళ్లు తెరిచి తల అడ్డంగా ఊపింది.

"నాకూ ఏం తెలీట్లేదురా. ఈ వాంతులతో నా ముక్కు కూడా పోయినట్టుంది. నీ జలుబే నాకూ అంటించావు."

నాన్న ఆవిడ వంక చూశాడు. "నిజంగానా?"

"నీతో నాకు వేళాకోళమా? నీళ్లలా ఉంది."

నెల రోజులుగా బిగబట్టుకున్నదేదో ఆయన భుజాల్లోంచి దిగిపోయింది. గిన్నె తీసుకుని, చెంచాతో ఊదుతూ పట్టించడం మొదలుపెట్టాడు. "ఫర్వాలేదమ్మా. నాక్కూడా మొదట్లో భయమేసింది. అలవాటవుతుంది" అని ధైర్యం చెప్పాడు. ఆవిడ బుద్ధిగా తలూపుతూ తాగింది. రెండో మేస్త్రి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

గిన్నె ఖాళీ అయ్యాక కడిగి తెస్తానని నాన్న వెళ్లాడు. రెండో మేస్త్రి కూడా ఆయన వెనకే వెళ్లాడు. నాయనమ్మ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"మిరియాలు రెండు గింజలు ఎక్కువేశాడు ఆ పిల్లాడు. అడుగు కూడా కాస్త అంటింది" అంది గుసగుసగా. "మీ నాన్నకి చెప్పకు."

ఆ తర్వాత ఆవిడ నాలుగేళ్లు బతికింది. ఆ నాలుగేళ్లూ నాన్న ఎదురుగా దేన్నీ వాసన చూడలేదు.